రెండూళ్ల నడిమి గొంతు

మా యారాలు పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను వికారాబాద్‌లో మా బిడ్డ ఇంట్లో కంట్లో మందు చుక్కలు వేయించుకుంటున్నాను. "చిన్నమ్మా, అమ్మ పోయింది. చాయ్ తాగింది, కప్పు కింద పెట్టింది, గంతే" అన్నాడు ఆమె కొడుకు తాండూరు నుంచి. ఆపరేషన్ అయిన కన్ను కాబట్టి కొన్నాళ్లు ఏడవొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మాట నాకు తాండూరు రైల్లో సగం దూరం ఏడ్చాక గుర్తొచ్చింది.

యారాలంటే తోడికోడలు. మా ఆయన అన్న భార్య. ఒకే ఇంట్లో అరవై ఏళ్లు ఉన్నాం. యారాళ్లకు పొసగదని లోకం అంటుంది, లోకం అబద్ధం చెప్పదు. ఉప్పు డబ్బా మూత పెట్టలేదని, దండెం మీద బట్టలు పక్కకు జరిపావని మేమూ దండిగా కొట్లాడుకున్నాం. కానీ ఒక్క సంగతిలో మాత్రం ఆమె నాకు చివరిదాకా వింతగానే మిగిలింది. ఆ సంగతి రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

తాండూరు, యాలాల్, కోట్‌పల్లి దిక్కు పెళ్లిళ్లకు పోయినవాళ్లు ఆ పాట తప్పకుండా విని ఉంటారు. అప్పగింతలప్పుడు పెళ్లికూతురు బండెక్కగానే బ్యాండువాళ్లు మెల్లగా అందుకుంటారు. "జర ఆపు బండి బావా, నా దువ్వెన మరిచొచ్చిన" అని మొదలవుతుంది. అత్తగారింటికి పోతున్న పిల్ల బండి ఆపమని మొగుణ్ని అడుగుతుంది. ఒక చరణంలో దువ్వెన మరిచింది, ఇంకో చరణంలో గాజులు, తర్వాత చెల్లెలికి చెప్పాల్సిన మాట. చివరి చరణంలో "ఏం మరిచిన్నో మరిచిన బావా, జర ఆపు బండి" అంటుంది. ఇప్పటి పిల్లలు ఇది తాతలనాటి జానపదం అనుకుంటున్నారు. కాదు. పోలీసు యాక్షన్ అయిన నాలుగైదేళ్లకు మద్రాసులో గ్రామఫోన్ ప్లేటు మీదికి ఎక్కిన పాట అది. పాడిన పిల్లకు అప్పుడు పదిహేనేళ్లు. ఆ పిల్లే మా యారాలు.

నేను పుట్టి పెరిగింది వికారాబాద్. మా చిన్నతనంలో స్టేషన్ ఎదురుగా ఒక హోటల్, ఆ హోటల్లో గల్లా పక్కన ఒక గ్రామఫోన్ ఉండేవి. గ్రామఫోన్‌కు ప్లేటు వేగం పెంచడానికి, తగ్గించడానికి ఒక చిన్న పుల్ల ఉంటుంది. హోటలాయన ఆ పుల్లను ఎప్పుడూ చివరిదాకా నెట్టి పెట్టేవాడు. రైలు కోసం వచ్చినవాళ్లు పాటలు వింటూ తీరిగ్గా కూచుంటే బల్లలు ఖాళీ కావు. పాట ఉరికితే చాయ్ కూడా ఉరుకుతుందని ఆయన నమ్మకం. బడికి పోయే ఆడపిల్లలం హోటల్ గోడ వారన నిలబడి వినేవాళ్లం. ఆ ఉరుకులో పాడే మనిషి గొంతు ఆరేడేళ్ల పసిదాని గొంతులా వినపడేది. మాకన్నా చిన్నది ప్లేటెక్కిందని మాకు లోలోపల మంట. చివరి చరణం ముందు ఆ పాప ఒకచోట చిన్నగా ఎక్కిళ్లు పెట్టినట్టు అనేది. మేమూ అక్కడ ఎక్కిళ్లు పెట్టి, పడీ పడీ నవ్వేవాళ్లం. ఊరంతా దాన్ని చప్పట్లు కొట్టి పాడే పాట చేసుకుంది. మగపెళ్లివారు భోజనానికి కూచుంటే వియ్యపురాలిని ఆటపట్టించడానికి అదే పాట.

అరవైల మొదట్లో నాకు తాండూరు సంబంధం కుదిరింది. పెళ్లి మా ఇంట్లోనే జరిగింది. నన్ను సాగనంపేటప్పుడు మా వీధి ఆడపిల్లలంతా చుట్టూ చేరి చప్పట్లతో ఆ పాట ఎత్తుకున్నారు. ఎక్కిళ్ల చోట అందరూ కలిసి ఎక్కిళ్లు పెట్టారు. మా అత్తమ్మ ముఖం ఎర్రబడింది.

"ఏందే గీ ఎగురుడు? అప్పగింతల పాటను గిట్లనా పాడేది? పిల్లను పంపుతున్నరా, పీడను పంపుతున్నరా?" అంది.

"ఇది అప్పగింతల పాటెట్లయితది వదినా, ఆటల పాట గద" అంది మా అమ్మ.

"మా తాండూర్ల గీ పాటకు ఏడ్వని ఆడది లేదు."

"మా ఊర్ల నవ్వనోళ్లు లేరు."

పెళ్లి నాడే వియ్యపురాళ్లు గొంతులు పెంచుకున్నారు. అంతలో అత్తమ్మ వెనక నిలబడ్డ ఒకామె మీద నా కన్ను పడింది. పాతికేళ్లుంటాయేమో. కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని, ఊపిరాడనట్టు నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటోంది. ఆమె ఎవరని పక్కవాళ్లను అడిగితే నీ యారాలే అన్నారు. ఈ మనిషికి పిచ్చి గానీ లేదు కదా అని భయపడుతూనే నేను బండెక్కాను.

తాండూరు వచ్చాక వాళ్ల పాట విన్నాను. ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ మైకు సెట్టు కిరాయికిచ్చే చాచా ఒకాయన ఉండేవాడు. చాబీ తిప్పే గ్రామఫోన్ మెషిన్ ఆయనది, లోపలి స్ప్రింగు ఎప్పుడో చచ్చింది. ప్లేటు ఈడ్చుకుంటూ తిరిగేది. మా పసిపాప గొంతు ఇక్కడ నలుగురు పిల్లల్ని కన్న తల్లి గొంతులా, బరువుగా, కన్నీళ్లు నిండినట్టు వచ్చింది. మా ఎక్కిళ్ల చోట ఇక్కడామె గుండె పగిలినట్టు వెక్కింది. పెళ్లికొచ్చిన ఆడవాళ్లంతా ఆమెతో పాటు వెక్కారు. నేను నవ్వబోయి, అత్తమ్మను చూసి దగ్గాను.

మా యారాలికి కుట్టు మిషన్ ఉండేది. రవికలు కుట్టేది. చక్రం ఆపాలంటే అందరూ అరచేయి అడ్డం పెడతారు. ఆమె మాత్రం చూపుడువేలు ఒక్కటి అంచుకు ఆనించేది. చక్రం మెల్లగా, మర్యాదగా నిలిచేది. ఒక మధ్యాహ్నం ఆమె కుడుతూ కూనిరాగం తీస్తుంటే నేను బియ్యం ఏరుతున్నాను. అదే పాట. కానీ మా ఊరి ఉరుకు కాదు, ఈ ఊరి ఈడ్పూ కాదు. చివరి చరణం ముందు, సరిగ్గా ఆ చోట, ఆమె చిన్న గుటక వేసింది.

నేను చాట కింద పెట్టాను. "అక్కా, ఆ ప్లేటు నువ్వే పాడినవా?"

చూపుడువేలు చక్రం మీదికి పోయింది. మిషన్ ఆగింది. "ఎట్ల తెలిసింది నీకు?" అంది.

"ఆ గుటకతోని."

ఆ రోజు బియ్యం ఏరడం సాయంత్రమైనా కాలేదు. ఆమె చెప్పిందంతా విన్నాను.

వాళ్ల నాయన తాండూరు బండల వ్యాపారి. ఇళ్లలో నేలకు పరిచే నాపరాళ్లు దూర దూరాలకు పంపేవాడు. మద్రాసు నుంచి బండలు కొనడానికొచ్చిన ఒక పెద్దమనిషి వాళ్లింట్లో భోజనం చేస్తూ, లోపల ఈ పిల్ల పాడుకుంటుంటే విన్నాడు. ఆయనకు ప్లేట్ల కంపెనీవాళ్లు తెలుసు. తండ్రీ బిడ్డా వాడీ జంక్షన్‌లో బండి మారి మద్రాసు పోయారు. రెండు ప్లేట్లు, నాలుగు పాటలు. కడుపు నిండా తింటే గొంతు బరువెక్కుతుందని అక్కడివాళ్లు పొద్దుటి నుంచి ఈ పిల్లకు పాలు తప్ప ఏమీ ఇవ్వలేదు.

"పక్క గదిల నూనెల వడలు గోలిస్తుండ్రు చెల్లె. ఆ వాసన! ఆఖరి చరణం కాడికొచ్చేసరికి నోట్ల నీళ్లూరినయి. గుటక మింగిన. మల్ల పాడిస్తరేమో అనుకున్న, బాగొచ్చింది పో అన్నరు."

తాండూరు ఆడవాళ్లంతా ఏళ్ల తరబడి గుండెలవిసేలా ఏడ్చింది ఆ వడల కోసం. నవ్వీ నవ్వీ నా కడుపు నొచ్చింది. ఆమె నవ్వలేదు.

ప్లేటు వచ్చాక వాళ్ల నాయన దాన్ని దేవుడి గూట్లో పెట్టి, పసుపూ కుంకుమా చల్లి దండం పెట్టుకున్నాడట. ఇంట్లో గ్రామఫోన్ లేదు. ఉన్నా ఆ కుంకుమతో ప్లేటు మోగేది కాదు. ప్లేటు మీద అచ్చయింది ఈమెకు బడిలో రాయించిన పేరు, ఊళ్లో ఎవరికీ ఆ పేరు తెలియదు. నా బిడ్డ పాడింది అని ఆయన బజారంతా చెప్పుకున్నాడు. కాకి పిల్ల కాకికి ముద్దు అని బజారు నవ్వింది. కొన్ని నెలలకు ఒక పెళ్లిలో చాచా మెషిన్ మీద ఆ పాట మోగింది. తన పాట తాను వినడం ఈమెకు అదే మొదటిసారి. విని కొయ్యబారిపోయింది. పాట తనదే. గొంతు మాత్రం ఎవరిదో ముదురు ఆడమనిషిది.

"గప్పుడు నన్ను పాడుమన్నరు. అందరి ముంగల పాడిన. ఒక ముసలామె నా గడ్డం పట్టుకొని, బాగనే పట్టినవు బిడ్డా, గని ఆ ప్లేటామె గొంతుల ఉన్న బరువు నీకెక్కడిది అన్నది. నాది నేనే సరిగ్గ పాడలేదన్నట్టు."

"మెషిన్ మెల్లగ తిరుగుతుందని చెప్పొద్దా అక్కా?"

"నాకు తెలిస్తే గద చెప్పెటందుకు! మద్రాసోళ్లు నా గొంతు బాగలేదని తీసేసి, ఇంకెవర్తోనో పాడించిండ్రనుకున్న. నాయనకు చెప్పలె. ఆయన గూట్ల దీపం పెడుతుంటే చూసుకుంట కూసున్న."

ఆ పెళ్లి తర్వాత ఆమె నలుగురిలో పాడలేదు. వాళ్ల నాయన పోయేదాకా ఆ గూట్లో ఉన్నది తన గొంతు కాదనుకుంటూనే బతికింది. తర్వాత మా ఇంటి కోడలైంది, బిడ్డల తల్లైంది. ఇదంతా తలుచుకుంటే నాకిప్పటికీ ఆ మద్రాసువాళ్ల మీద కాదు, చచ్చిన స్ప్రింగు మీద కోపం వస్తుంది.

"మరి నా పెండ్లిల ఎందుకట్ల నవ్వినవు?" అని అడిగాను.

"మీ ఊరోళ్లు పాడినప్పుడు నీతోని చదివిన సోపతిగత్తె ఒకామె అన్నది, ఈ పాట పాడింది పసిపిల్లనట అని. గప్పుడు సమజైంది. ఆడ పసిపిల్ల, ఈడ ముసలామె. తప్పు మెషిన్లది. నడిమిట్ల నేనే ఉండాలె గద చెల్లె?"

అంటే నా పెళ్లి కొట్లాట ఆమెకు పదేళ్ల తర్వాత దొరికిన కబురన్నమాట. ఆమె మాటను ఊరి చేత నమ్మించాలని నాకు ఆ రోజు నుంచి పట్టుదల. అత్తమ్మకు చెబుతానంటే వద్దంది. బావగారికి చెబుతానంటే, "ఆయనకు పెండ్లప్పుడే చెప్పిన, సరే తియ్ అన్నడు" అంది. సరే తియ్ అనడం నమ్మడమా, నమ్మకపోవడమా? ఆ మనిషిని అడిగినా తేలేది కాదు, ఆయన అన్నిటికీ అదే అనేవాడు.

తర్వాత కొన్నేళ్లకు మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలి పెళ్లి కుదిరింది. మా ఆయన హైదరాబాద్‌లో ఒక స్నేహితుడి దగ్గర కరెంటు మీద నడిచే రికార్డు ప్లేయరు అడిగి తెచ్చాడు. దానికి చాబీ లేదు, స్ప్రింగు లేదు. వేగం అంకె మీదికి మీట తిప్పితే ఆ అంకె ప్రకారమే తిరుగుతుంది. నేను చాచా దుకాణానికి మనిషిని పంపి, ఆ ప్లేటు పట్టుకుని సాయంత్రం రమ్మన్నాను. ఊళ్లో అందరూ విన్న ప్లేటు అదే కాబట్టి, అదే కావాలని నా పంతం.

ఈ సంగతి చెప్పగానే మా యారాలి ముఖం పాలిపోయింది. కుడుతున్న రవిక ఒళ్లోంచి జారింది.

"వద్దు చెల్లె. వినకపోతే నడిమిట్ల ఉన్నది నేనే అనుకుంట బతుకుత. విన్నంక నేను కాకుంటే?"

అప్పటిదాకా నా ఆలోచనంతా ఊరు నమ్మడం గురించే. ఆమెకే ఇంకా పూర్తి నమ్మకం లేదని నాకు తట్టనే లేదు. "గుటక నీదే గదక్కా" అన్నాను.

"గుటక ఎవరైన మింగుతరు."

అయినా ఆమె వచ్చింది. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, తలుపు దగ్గర కూచుంది. అప్పగింతల ముందటి గంట అది. వాకిట్లో ఆడవాళ్లంతా పెళ్లికూతురి చుట్టూ చేరారు. చాచా ప్లేటును గుడ్డలోంచి తీసి, తుడిచి, తన చేతులతోనే పెట్టాడు. నేను ముల్లు దించాను.

ఒక పిల్ల గొంతు వచ్చింది. పసిది కాదు, ముదురుది కాదు. పదిహేనేళ్ల పిల్ల గొంతు, కొంచెం బొంగురు, కొంచెం బెదురు. ఏడవడం లేదు, నవ్వడం లేదు. నిజంగానే ఏదో మరిచి బండి ఆపమంటున్నట్టుంది. రెండో చరణం రాకముందే అత్తమ్మ తల తిప్పి పెద్దకోడలి వైపు చూసింది. రోజూ "అత్తమ్మా, అన్నానికి రా" అని పిలిచే గొంతు ఆమెకు తెలియదా? చాచా నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "యా అల్లా, గీ బేటీదా? ఇన్నేండ్లు నేను వినిపిచ్చింది ఏంది మరి?" అన్నాడు.

నేను మా యారాలి చేయి పట్టుకున్నాను. "నేనే చెల్లె, నేనే" అంటోంది, ఎవరికీ వినపడకుండా. ఆ మాట వినడానికే నేను ఆ ఇంటి కోడలినయ్యానేమో అనిపించింది, అంత సంతోషం నాకు.

కానీ వాకిట్లో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఏడవడానికి కొంగులు తీసి పట్టుకున్నవాళ్లు ఆ కొంగుల్ని ఏం చేయాలో తెలియక కూచున్నారు. గొంతు కలపబోయి ఇద్దరు ముగ్గురు వెనకబడి ఆగిపోయారు. మా ఆడబిడ్డ బిక్కముఖం వేసింది. "ఇది మన పాట గాదే, మన పాట పెట్టుండ్రి. పిల్లను ఏడ్వకుండ ఊకనే పంపుతమా?" అంది ఒక ముసలామె.

ఇప్పుడు చెప్పాలి అనుకుని నేను లేవబోయాను. నాకంటే ముందు మా యారాలు లేచింది. ప్లేయరు దగ్గర కూచుని, తిరుగుతున్న ప్లేటు అంచుకు చూపుడువేలు ఆనించింది, మిషన్ చక్రానికి ఆనించినట్టే. మెల్లగా, మర్యాదగా. గొంతు బరువెక్కింది. పదిహేనేళ్ల పిల్ల చూస్తుండగానే పెద్దదైంది. వాకిలంతా ఒక్కసారిగా గొంతు కలిపింది. చివరి చరణం ముందు అందరూ వెక్కారు. మా ఆడబిడ్డ భోరుమని అత్తమ్మ మెడను చుట్టుకుంది. పాట అయ్యేదాకా ఆమె వేలు తీయలేదు.

పెళ్లివారు వెళ్లిపోయాక అత్తమ్మ ఆమెను పిలిచి ఎదురుగా నిలబెట్టుకుంది. "ఇన్నేండ్ల సంది ఊర్ల పెండ్లిళ్లల్ల నేను ఏడ్సింది నీ పాటకా?" అంది. అవునంది ఈమె. ఇక నేను ఆగలేక వడల సంగతి కూడా చెప్పేశాను. మర్నాడు పొద్దున్నే అత్తమ్మ మినప్పప్పు నానబోసింది. పండగైనా పబ్బమైనా మొదటి వాయి వడలు పెద్దకోడలికే అని ఆ రోజు నుంచి ఇంట్లో చట్టం. "ఓ వడల పాటదానా, రా తిను" అని పిలిచేది. నాకు మాత్రం రెండో వాయి. దాని మీద కూడా మేం కొట్లాడుకున్నాం.

పెళ్లి నాటి సాయంత్రం మాత్రం నాకు ఆమె మీద కోపమే వచ్చింది. "ఇన్నేండ్లకు నీ గొంతు నీకు దొరికితే, నీ వేలుతోనే ఎందుకు మూసినవు?" అని నిలదీశాను.

"పిల్లను ఇచ్చినంక వాళ్లింట్ల ఎట్ల నడవాల్నో మనం చెప్తమా చెల్లె? అది నేనే అని నాకెరుక అయింది, చాలు" అంది. ఆ తర్వాత ఎవరడిగినా సిగ్గుపడకుండా, నేనే పాడిన అని చెప్పేది. నమ్మినవాళ్లు నమ్మారు. చాచా మాత్రం తన మెషిన్ బాగు చేయించలేదు. బాగు చేస్తే పెళ్లిళ్లకు పిలవరని ఆయన భయం, అది నిజమే కూడా.

ఒక ప్రశ్న మాత్రం నాకు తేలలేదు. "పాడేటప్పుడు ఏడుపు పాటనుకొని పాడినవా, నవ్వుల పాటనుకొని పాడినవా?" అని ఎన్నిసార్లు అడిగానో. ఒకసారి ఆకలితో పాడానంది. ఒకసారి తన నాయన అద్దం అవతల నిలబడి చూస్తుంటే ఆయన కోసం పాడానంది. మొన్న నేను కంటి ఆపరేషన్‌కు బయలుదేరుతుంటే మళ్లీ అడిగాను. "వచ్చినంక చెప్త, పోయి రా" అంది.

ఆమెను సాగనంపి, దినాలు ఇంకా కాకముందు, ఒక సాయంత్రం మా వీధిలోకి పెళ్లి ఊరేగింపు వచ్చింది. పూలు కట్టిన కారు, ముందు బ్యాండు. దూరం నుంచే తెలిసింది, ఆ పాటే. మా వాకిట్లో టెంటు, కుర్చీలు చూసి బ్యాండు మేస్త్రి చేయి ఎత్తాడు. వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. చావింటి ముందు నుంచి చప్పుడు లేకుండా పోవడం మర్యాద. వాళ్లు తలలు దించుకుని నడుస్తున్నారు.

నేను గడప దగ్గరికొచ్చి, "ఆపకుండ్రి బిడ్డా, వాయించుండ్రి" అన్నాను.

"ఇంట్ల చావైనట్టుంది గదమ్మా" అన్నాడు బ్యాండు పిల్లగాడు.

"అయింది. అందుకే వాయించుమంటున్న."

అతను అటూ ఇటూ చూసి, బాకా నోటికి పెట్టుకున్నాడు. తడబాటులో కాస్త త్వరగా ఎత్తుకున్నాడు, మా వికారాబాద్ పోకడ వచ్చింది. తర్వాత సర్దుకుని తాండూరు దారిలో పడ్డాడు. ఆ రెంటికీ మధ్య, కొద్దిసేపు, ఆమె పాడిన వేగం దొరికింది, పాటలో ఆమె పోతోంది. నా కంట్లో నీళ్లు తిరిగాయి, డాక్టరు మాట మళ్లీ మరిచాను. కారులో పెళ్లికూతురు వెనక్కి తిరిగి మా ఇంటి వైపు చూసింది. నా చూపుడువేలు, ఆమె ప్లేటుకు ఆనించినట్టే, తలుపు చెక్కకు ఆనుకుని ఉంది.